మూడోనాటి చంద్రుడు

ఆసుపత్రిలో ఆమెను అందరూ ఎక్స్‌రే అక్క అంటారు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలా మనిషి దాకా అదే పిలుపు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనిపించదు కాబట్టి మనమూ అక్క అనే అందాం. ఇరవై ఆరేళ్ళుగా ఆ కిటికీల్లేని గదిలో జనాన్ని చల్లటి బల్ల మీద పడుకోబెట్టి "ఊపిరి బిగబట్టండి, కదలొద్దు" అని చెప్పడం ఆమె పని. ఆ మాట ఎంత అలవాటైపోయిందంటే, పొయ్యి మీద పాలు పొంగబోతుంటే కూడా గిన్నె వైపు చూసి అదే అంటుందని కూతురు ఎగతాళి చేస్తుంది.

అక్కకు ఒక చాదస్తం ఉంది. కుడి, ఎడమ. దానికో కారణమూ ఉంది లెండి. పని నేర్చుకుంటున్న కొత్తలో ఒక ముసలాయన మోకాలు ఫిల్మును వెలుగుపెట్టె మీద వెనక్కి తిప్పి తగిలించింది. డాక్టరు బాగున్న మోకాలికే మందు పూసి, కత్తి పట్టుకోబోయాడు. మత్తు ఎక్కకముందు ఆ ముసలాయనే "బాబూ, నొప్పి ఈ కాలు కాదు, ఆ కాలు" అన్నాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే అక్కకు ఇప్పటికీ అరికాళ్ళు చల్లబడతాయి. ఆ రోజు పై ఉద్యోగి ఆమెను తిట్టలేదు. జేబులోంచి ఫిల్ము మీద అచ్చుపడేలా సీసంతో చేసిన రెండు అక్షరాలు తీసి చేతిలో పెట్టాడు, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. "ఫిల్ముకు సిగ్గుండదమ్మా, ఎటు తిప్పితే అటు నిజంలాగే కనపడుద్ది. ఏది నిజమో చెప్పాల్సింది నువ్వే" అన్నాడు. అప్పటినుంచి ఆ అక్షరం పడకుండా ఒక్క ఫిల్మూ ఆమె గది దాటలేదు. బండి అతనికి ఎడమకు తిప్పమని చెప్పాలన్నా ఎడమ చెయ్యెత్తి మరీ చూపిస్తుంది.

భర్తది ఫోటో ఫ్రేముల దుకాణం. ఇంటి ముందుగదే దుకాణం, వెనక రెండు గదులు కాపురం, ఆ వెనక పెరడు. మనిషి మంచి మాటకారి. ఒక అద్దం బిగించేలోపు నాలుగు కథలు చెబుతాడు. అందులో మూడు కోతలేనని వినేవాళ్ళకూ తెలుసు, అయినా కూర్చుని వింటారు. అక్కా అలా విని విని పెళ్ళి చేసుకున్నదే. పగలంతా మూలుగులు, ఏడుపులు విని ఇంటికొచ్చే మనిషికి, గుమ్మంలోనే నవ్వించేవాడు ఒకడుంటే ఎంత హాయిగా ఉంటుందో వేరే చెప్పాలా?

టెలిస్కోపు ఆ ఇంటికి వచ్చి పదకొండేళ్ళయింది. బడిలో సైన్సు చెప్పే మేడం ఊరు మారిపోతూ, మోయలేక అమ్మేసింది. మనిషి నడుమంత లావు గొట్టం, అడుగున పళ్ళెమంత అద్దం. "ఇదెందుకే, నీళ్ళు కాచుకోడానికా?" అని మొగుడు వేళాకోళం చేశాడు గానీ, దానికి చెక్క పీఠం చేసింది ఆయనే. లేతుపనివాడి దగ్గర ఇత్తడి రింగు చేయించి, దానికి పాత కెమెరా బిగించిందీ ఆయనే. ఆ మాట దాచకూడదు.

మొదటి సాయంత్రం సగం చంద్రుణ్ణి చూసి అక్క నోరు తెరుచుకుని ఉండిపోయింది. వెలుగు, చీకటి కలిసే గీత వెంబడి కొండలు, గుంటలు, వాటి నీడలు ఎక్స్‌రేలో ఎముకల్లా తేటతెల్లంగా కనిపించాయి. నిండు పున్నమి నాడు చూస్తే ఏమీ లేదు, ఉత్త తెల్లటి పళ్ళెం. నీడ ఉంటేనే ఎత్తుపల్లాలు తెలుస్తాయని ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు, ఆమె బతుకే అది. అప్పుడు పుట్టింది ఆ పట్టుదల. అమావాస్య వెళ్ళిన రెండోనాటి నుంచి ఇరవై ఎనిమిదోనాటి దాకా రోజుకొక్క చంద్రుడు, మొత్తం ఇరవై ఏడు ఫోటోలు. మబ్బులకు, డ్యూటీలకు ఎదురీది ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే పట్టుకుంది. తెల్లవారుజామున తూర్పున వచ్చే నెలవంకలు తేలిగ్గానే దొరికాయి, అటు పెరడంతా బయలుగా ఉంటుంది. రెండోనాటిదాన్ని ఆసుపత్రి డాబా మీదికి గొట్టం మోయించి తీసింది. మరోసారి ఎక్కిస్తామంటే పెద్ద డాక్టరు దండం పెట్టాడు.

ఇక మిగిలింది మూడోనాటి చంద్రుడు. పడమటి పక్కింటివాళ్ళు మేడ మీద మేడ కట్టేశారు. వాళ్ళ నీళ్ళట్యాంకుకూ మెట్లగదికీ మధ్య జానెడు సందుంది. ఏడాదిలో మూడు నెలలే చంద్రుడు ఆ సందులోకి వస్తాడు, వచ్చినా పది నిమిషాలే. ఒక ఏడు మబ్బు, ఒక ఏడు డ్యూటీ, ఇంకో ఏడు పక్కింటావిడ సరిగ్గా అక్కడే దుప్పటి ఆరేసింది. "అడుక్కుంటే తీసేదిగా" అన్నాడు మొగుడు. "అడిగేలోపు వెళ్ళిపోయాడండీ" అంది అక్క, ఎవరో చుట్టం సంగతి చెప్పినట్టు.

ఈ ఏడాది గ్రంథాలయంవాళ్ళు ఆ ఫోటోలన్నీ చదువుకునే హాల్లో వరసగా పెడతామన్నారు. గ్రంథాలయం నడిపే పెద్దమనిషి స్వయంగా ఇంటికొచ్చి అడిగాడు. ఫ్రేములాయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఇరవై ఏడు నల్లటి ఫ్రేములు ఒకే కొలతలో కట్టేశాడు, ఇరవై ఆరు నిండాయి. ఇరవై ఏడోది ఖాళీ అద్దంతో ముందుగదిలో వేలాడుతూ వచ్చేపోయేవాళ్ళ మొహాలు చూపిస్తోంది.

ఆ మూడోనాడు ఆకాశం కడిగినట్టుంది. అక్క డ్యూటీ అప్పగించి, సంచి భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే, కూలిన కట్టడం కింద నలిగిన ఏడుగురిని తీసుకొచ్చారు. తర్వాతి డ్యూటీ మనిషి ఒక్కతే ఉంది, అదీ కొత్తపిల్ల. అక్క గేటు వైపు చూసింది, స్ట్రెచర్ల వైపు చూసింది. చూసి, ఇంటికి ఫోన్ చేసింది.

"ఏవండీ, నేను రాలేను. మీరు తియ్యాలి. ఆరున్నరకల్లా పెరట్లో ఉండండి. కెమెరా బిగించే ఉంచాను, మీట నొక్కడమే. నలభై తీయండి, ఒకటన్నా పడుతుంది. చేత్తో గొట్టాన్ని ముట్టుకోవద్దు, ఊగుతుంది."

"నువ్వు నిశ్చింతగా నీ పని చూసుకో. నేనున్నాగా" అన్నాడాయన.

ఆ "నేనున్నాగా" అన్న మాట పట్టుకుని అక్క ఏడుగురికీ ఎక్స్‌రేలు తీసింది. ఇంటికొచ్చేసరికి బాగా చీకటి పడింది. మొగుడు గుమ్మంలోనే ఎదురొచ్చి "పడ్డాడే నీ చంద్రుడు" అన్నాడు. మర్నాటికల్లా ఫోటో ఫ్రేములో ఉంది. కూతురు పనిచేసే ప్రింటింగ్ షాపులో అచ్చు వేయించి తెచ్చారు. సన్నటి, పదునైన నెలవంక. అక్క దాని ముందు నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కూతురు ఏదో పనున్నట్టు లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత నెలంతా ఆ ఇంట్లో అదే కథ. దుకాణానికి ఎవరొచ్చినా ఆయన మొదలుపెట్టేవాడు. ఆ సాయంత్రం ఎలా గాలి వీచిందో, గొట్టం ఎలా ఊగిందో, తను ఎలా ఊపిరి బిగబట్టాడో, సందులోంచి చంద్రుడు జారిపోయే ఆఖరి క్షణాన వేలు ఎలా మీట మీద పడిందో. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మరి అందరికంటే ఎక్కువసార్లు విన్నది అక్కే. వినడం ఏమిటి, చుట్టాలొస్తే "ఆ ఊపిరి బిగబట్టింది చెప్పండి" అని తనే అందించేది. ఆసుపత్రిలో "నేను పదకొండేళ్ళు నిలబడ్డాను, మావారు ఒక్క సాయంత్రం నిలబడ్డారు, అంతే, దొరికాడు" అని చెప్పుకుని మురిసిపోయింది. ఊరందరి ఎముకలకూ కుడి ఎడమలు చూసే మనిషి, తన గోడ మీద ఉన్నదాన్ని మాత్రం ఒక్కసారి పరీక్షగా చూడలేదు. ఎందుకు చూస్తుంది? తెచ్చింది కట్టుకున్నవాడు కదా.

ప్రదర్శనకు ముందురోజు మధ్యాహ్నం అక్క గ్రంథాలయంలో కూర్చుని అట్టముక్కల మీద పేర్లు రాస్తోంది. ఏ ఫోటోలో ఏ మైదానం కనిపిస్తుందో, ఏ గుంట ఎక్కడుందో రాసి ఫ్రేము కింద అంటించాలి. పెద్దమనిషి తన భూతద్దం ఇచ్చాడు. అన్నిట్లోకీ ఇష్టమైనది కాబట్టి మూడోనాటిదాన్ని ఆఖరుకు అట్టేపెట్టుకుంది. మూడోనాటి నెలవంకలో పైభాగాన గుండ్రటి నల్లటి మైదానం ఒకటి ఉంటుంది. దానికి ఆపదల సముద్రం అని పేరు, నీళ్ళుండవు, ఉత్త రాయే. అట్టముక్క మీద ముందే పేరు రాసేసుకుని, బాణం గుర్తు ఎక్కడ పెట్టాలా అని భూతద్దం ఆనించింది.

మైదానం లేదు.

అద్దం తుడిచి మళ్ళీ చూసింది. లేదు. దాని బదులు నడిమికి కాస్త దిగువన కోడిగుడ్డు ఆకారంలో ఒక నల్లమచ్చ ఉంది. ఆ మచ్చను ఆమె నిద్రలో చూసినా గుర్తుపడుతుంది. అది చంద్రుడికి ఆ పక్కది, అవతలి అంచుది, తెల్లవారుజామున వచ్చే నెలవంకల్లో ఉండేది. సాయంత్రం నెలవంకలో దానికేం పని?

వేళ్ళు ముందే అర్థం చేసుకున్నాయి. కత్తెర మొనతో ఫ్రేము వెనక మేకులు ఒక్కొక్కటే లేపింది. అలా లేపడం కూడా మొగుడి దగ్గర నేర్చుకున్నదే. ఫోటో బయటికి తీసింది, అంతే సన్నంగా ఉండే ఇరవై ఆరోనాటి ఫోటో కూడా తీసింది. రెంటినీ వీపుకు వీపు ఆనించి, ఎండ పడుతున్న కిటికీ అద్దానికి పెట్టి పట్టుకుంది, రోజూ ఫిల్ములు పట్టుకున్నట్టే. అంచు మీద అంచు, గుంట మీద గుంట, నీడ మీద నీడ పొల్లుపోకుండా కూర్చున్నాయి. రెండేళ్ళ కిందటి ఒక తెల్లవారుజామున, శాలువా కప్పుకుని వణుకుతూ తను తీసిన నలభైలో ఒకటి. దాన్నే కుడిని ఎడమ చేసి తనకే ఇచ్చారు.

"ఏమైందమ్మా?" అన్నాడు పెద్దమనిషి.

"ఏం లేదండీ. మేకు గుచ్చుకుంది" అంది అక్క.

ఇంటికొచ్చేసరికి ఆయన చెక్క కోస్తున్నాడు. ఎదురుగా బల్ల మీద రెండు ఫోటోలూ పెట్టింది. ఆయన చూశాడు, రంపం పక్కన పెట్టాడు, చెక్కపొడి దులుపుకున్నాడు. దులిపిన చెయ్యే మళ్ళీ దులిపాడు.

"టెలిస్కోపులో తిరగబడి కనపడుద్దిగా మరి" అన్నాడు ఆఖరికి.

పదకొండేళ్ళు ఆ గొట్టం పక్కన కాపురం చేసిన మనిషి అనే మాటేనా అది? అక్కకు ఒళ్ళు మండిపోయింది. "తలకిందులవుతుందండీ. తలకిందులైన చెయ్యిని తిప్పి నిలబెడితే మళ్ళీ అదే చెయ్యి. అద్దంలో చెయ్యి వేరే చెయ్యి. ఆ తేడా నాకు తెలీదనుకున్నారా?"

ఆయన నీళ్ళు నమిలాడు. మెల్లిగా నిజం బయటికొచ్చింది. ఆ సాయంత్రం ఆయన పెరట్లోకే వెళ్ళలేదు. టీకొట్టు దగ్గర ఒక నేస్తానికి ఏదో కథ చెబుతూ కూర్చున్నాడు, గుర్తొచ్చేసరికి చంద్రుడు సందు దాటిపోయాడు. అంతే సంగతి. దాని వెనక జబ్బు లేదు, ఆపద లేదు, మర్చిపోయాడు.

"మర్చిపోయానని చెబితే పోయేదిగా" అంది అక్క. "నాలుగు తిట్టి ఊరుకునేదాన్నిగా."

"నువ్వు అంత దూరం నుంచి ఆశగా వస్తుంటే ఎలా చెప్పమంటావే? నీ మొహం చూళ్ళేకే చేశాను."

కూతురు తలుపు దగ్గర నిలబడి ఉంది. అక్క అటు తిరిగింది. "తిప్పింది నువ్వేనా?"

"నాన్న అడిగాడమ్మా. ఒక్క నొక్కు నొక్కితే తిరిగిపోద్ది. నువ్వు బాధపడతావని..."

"నెల రోజులు ఒకే కంచం ముందు కూర్చున్నాంగా. ఆయన ఆ కథ చెబుతుంటే నేను నవ్వాను. నేను నవ్వుతుంటే మీరిద్దరూ ఏం చూసుకున్నారే ఒకళ్ళ మొహం ఒకళ్ళు?"

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో అక్కకు ఆ గదిలో తెలిసింది. గాలీ లేదు, ఊపిరి బిగబట్టడమూ లేదు. తను ముచ్చటపడి "అది చెప్పండి" అని అందించిన ప్రతి మాటా ఉత్తదే. పైగా అడిగి మరీ చెప్పించుకుంది. ఆ సిగ్గే ఆమెను ఎక్కువ కాల్చింది.

"రేపు మీ చేత ఆ కథ చెప్పిస్తానని పెద్దమనిషి అందరికీ చెప్పాడు" అంది చివరికి. "ఆ ఫోటోను మళ్ళీ ఫ్రేములో పెట్టేస్తాను, వరసలోంచి తీసెయ్యను. మీరే లేచి నిజం చెప్పండి. మర్చిపోయాను అనండి, ఒక్క మాట. అది చాలు నాకు."

"చెబుతాను" అన్నాడాయన. "నీ మీద ఒట్టు."

నిజం చెప్పొద్దూ, ఆ మాట వినగానే ఆమె మనసు కాస్త చల్లబడింది. రాత్రి ఆయనకు అన్నం కూడా వడ్డించింది. ఒక్క మాటతో అంతా సర్దుకుంటుందనే అనుకుంది పాపం.

మర్నాడు పొద్దున పదింటికి హాలు నిండింది. ఆసుపత్రివాళ్ళు వచ్చారు, దుకాణం ఖాతాదార్లు వచ్చారు, దుప్పటి ఆరేసిన పక్కింటావిడ కూడా వచ్చింది. పెద్దమనిషి నాలుగు మంచి మాటలు చెప్పి, "పదకొండేళ్ళు దొరకని చంద్రుణ్ణి ఒక్క సాయంత్రంలో పట్టిన మన ఫ్రేములాయన, ఆ ముచ్చట ఆయన నోటే విందాం" అన్నాడు.

ఆయన లేచాడు. అక్క వైపు చూశాడు. చెప్పండి అన్నట్టు ఆమె తల ఊపింది. "ఆ సాయంత్రం..." అని ఆగాడు. అక్క చీర కుచ్చిళ్ళు పిడికిట్లో పట్టుకుంది. ముందు వరసలో టీకొట్టు నేస్తం అప్పుడే నవ్వుమొహం పెట్టుకుని కాచుకున్నాడు. ఆయన కళ్ళు అక్క మీంచి జారి ఆ మొహం మీద పడ్డాయి.

"ఆ సాయంత్రం గాలి, ఏం గాలండీ బాబూ" అన్నాడు.

చెప్పాడు, మొత్తం చెప్పాడు. గొట్టం ఊగింది, ఊపిరి బిగిసింది, వేలు మీట మీద పడింది. అది చాలదన్నట్టు ఈసారి ఒక పిచ్చుకను కూడా తెచ్చాడు. అది వచ్చి గొట్టం మీద వాలిందట, దాన్ని తోలితే గొట్టం కదులుతుంది, తోలకపోతే చంద్రుడు పోతాడు. హాలంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. అంతకుముందు ఎన్నడూ అంత బాగా చెప్పలేదాయన.

చప్పట్లు ఆగాక అక్క లేచింది. రోగులకు చెప్పే గొంతుతోనే, నిదానంగా చెప్పింది. "ఆయన ఆ రోజు పెరట్లోకి వెళ్ళలేదు. ఆ ఫోటో నేను తీసిందే, రెండేళ్ళ కిందట తెల్లవారుజామున. కుడి ఎడమలు తిప్పి పెట్టారు. మూడోనాటి చంద్రుడు నా దగ్గర లేడు. మీరందరూ నన్ను మన్నించాలి." గోడ దగ్గరికి నడిచి ఆ ఫ్రేమును తీసేసింది.

అప్పుడు టీకొట్టు నేస్తం నవ్వుతూ, "పోనిద్దురూ అక్కా, పొద్దునది అయితేనేం, సాయంత్రానిది అయితేనేం. చంద్రుడు చంద్రుడే కదా" అన్నాడు. అందరికీ ప్రాణం లేచొచ్చినట్టయింది. ఒకరు నవ్వారు, ఇంకొకరు నవ్వారు, పెద్దమనిషీ నవ్వేశాడు. ఆసుపత్రి నర్సు పిల్లలు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మొగుడూ నవ్వాడు.

దారిలో మాత్రం ఆయన నవ్వలేదు. "నలుగుర్లో నా పరువు తీశావు" అన్నాడు. నాలుగు రోజులు మాట్లాడలేదు. చూశారా చోద్యం, అలిగింది ఆయన. "నువ్వూ కాస్త పట్టు విడవాల్సిందమ్మా" అని కూతురు సర్దిచెప్పబోయింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అదీ అక్క సంగతి.

తర్వాతి నెల మూడోనాడు అక్క సెలవు పెట్టింది. ఆ ఏటికి అదే ఆఖరి అవకాశం. సాయంత్రం ఒక్కతే పెరట్లో నిలబడింది. ఆయన తలుపు దగ్గరికొచ్చి "ఏమన్నా పట్టుకోనా?" అని అడిగాడు. అక్కర్లేదంది. సందులోకి చంద్రుడు వచ్చాడు, ట్యాంకు అంచు నుంచి మెట్లగది గోడ దాకా నింపాదిగా నడిచి వెళ్ళాడు. అరవై ఫోటోలు తీసింది. ఎప్పుడూ వెళ్ళే షాపు కాకుండా వేరే వీధిలో అచ్చు వేయించుకుంది. పైభాగాన ఆపదల సముద్రం గుండ్రంగా, నల్లగా ఉంది. దాని గట్టు మీద తొలి ఎండ పడుతోంది. నిజమని తనకు తెలిసినా భూతద్దం పెట్టి మూడుసార్లు చూసుకుంది. ఇంతకుముందెప్పుడూ తన ఫోటోను తను అలా చూసుకోలేదు.

వంటింటి బల్ల మీద ఉన్న ఆ ఫోటోను ఆయన మర్నాడు పొద్దున చూశాడు. చేతుల్లోకి తీసుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి, ఇటూ అటూ వంచి చూశాడు. రాజీకొచ్చాడని గొంతులోనే తెలుస్తోంది.

"బాగా వచ్చిందే. అచ్చం మనం చేసినదానిలాగే ఉంది" అన్నాడు. "ఫ్రేము కట్టనా?"

"వద్దండీ" అంది అక్క. ఆయన చేతిలోంచి ఫోటో తీసుకుని, ఆసుపత్రి కవరులో పెట్టి, సంచిలో వేసుకుని డ్యూటీకి బయల్దేరింది. పదకొండేళ్ళకు దొరికిన చంద్రుడు. చూపించుకోవడానికి ఇంట్లో ఆమెకు మనిషి లేడు.